సొట్ట పడ్డ ఇత్తడి బిందెను పగలకుండా సరిచేయడం

సొట్టను వెనక్కి కొట్టడం ఎవరైనా చేస్తారు. కొట్టిన చోట పగులు రాకుండా తీయడమే అసలు పని. ఇత్తడి రేకు దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడుతుంది. బిందె కిందపడి నొక్కుకుపోయినప్పుడే ఆ మడత సగం గట్టిపడి ఉంటుంది. అలాగే సుత్తి వేస్తే సరిగ్గా ఆ మడత మీదే చీలుతుంది. అందుకే ముందు కాల్చి మెత్తబరచాలి, చల్లారాక కొట్టాలి. వేడి మీద కొట్టడం ఇనుముకు సరే. ఇత్తడిలో సీసం కాస్త ఉన్నా ఎర్రటి వేడిలో దెబ్బ పడితే విరిగిపోతుంది.

ప్రతి వస్తువూ ఈ పనికి రాదు. అయస్కాంతం అంటుకుంటే అది పూత పూసిన ఇనుము, వదిలేయండి. శ్రీకాకుళం జిల్లా బుడితి వైపు నుంచి విశాఖకు వచ్చే గంటల లాంటివి పోత పోసినవి. పోత సామానుకు సుత్తి పెట్టకూడదు. రేకుతో చేసిన బిందె, చెంబు, గుండిగలే దీనికి తగినవి. పగులు ముందే ఉందేమో కూడా చూసుకోవాలి. మడత మీద కిరసనాయిలు రాసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే పావుగంటలో పొడి మీద సన్నని తడి గీత తేలుతుంది. గీత కనబడితే ఆ బిందెకు అతుకు పని చేసేవాళ్లే దిక్కు.

లోపల కళాయి, అంటే తగరం పూత, ఉంటే అది ముందు పోవాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. దాన్ని ఉంచి ఎర్రగా కాలిస్తే ఇత్తడిలోకి దిగి పెళుసు పొర కడుతుంది. సన్నసెగ మీద కరగనిచ్చి పాత నూలు గుడ్డతో తుడిచి, మిగిలింది ఇసుక కాగితంతో రుద్దేయండి. సీసం టంకంతో అతికిన పాత్రను మాత్రం కాల్చొద్దు, అతుకు ఊడుతుంది, పొగ కూడా మంచిది కాదు.

కాల్చేది ఆరుబయట, కానీ నీడలో. ఎండలో రంగు తెలియదు, ఇక్కడే చాలామంది బిందె పాడుచేస్తారు. గ్యాస్ టార్చి మంటను ఒకచోట నిలపకుండా, సొట్ట చుట్టూ నాలుగంగుళాల మేర తిప్పుతూ ఉండండి. చిక్కటి నీడలో మాత్రమే కనబడే మసక ఎరుపు రాగానే మంట తీసేయాలి. అది సుమారు 550 డిగ్రీలు, అంతే చాలు. నారింజ రంగు దాకా పోతే లోపలి రేణువులు పెద్దవై, తర్వాత కొట్టినప్పుడు పైభాగం బత్తాయి తొక్కలా గరుకుగా లేస్తుంది. అది ఎంత మెరుగు పెట్టినా పోదు. ఇంకా కాలిస్తే 907 డిగ్రీల దగ్గర జింకు మరుగుతుంది. తెల్లటి పొగ లేచిందంటే హద్దు దాటారు. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. బిందె నడుము అతుకు మీద మంట పడనీయకండి, అతికిన లోహం రేకు కంటే ముందే కరుగుతుంది.

తర్వాత నీళ్లలో ముంచినా సరే, గాలికి వదిలినా సరే. ఉక్కులా ఇత్తడి నీళ్లకు గట్టిపడదు. నల్లపొర పోవడానికి లీటరు గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ప్లాస్టిక్ తొట్టెలో అరగంట ఉంచండి. అందులో ఇనుప పట్టకారు ముంచకండి, ఇత్తడి మీద ఎర్రటి రాగిపూత పడుతుంది. చింతపండు, ఉప్పు కూడా పనిచేస్తాయి, కాకపోతే చేతికి శ్రమ.

ఇక కొట్టడం. బిందెను ఇసుక సంచి మీద ఆనించాలి. ఆ ఇసుక విశాఖ ఆర్కే బీచ్ నుంచి తేవద్దు. అందులోని ఉప్పు, మన తేమగాలి కలిస్తే రేకు మీద ఎర్రటి మచ్చలు పడతాయి. అక్కడ జింకు పోయి బలం లేని రాగి మిగులుతుంది. కడిగి ఎండబెట్టిన ఏటి ఇసుక వాడండి. గుండ్రటి తల ఉన్న చింతకర్ర సుత్తితో లోపలి నుంచి, సొట్ట అంచుల దగ్గర మొదలుపెట్టి చుట్లుచుట్లుగా మధ్యకు రండి. నేరుగా నడిమధ్యన బాదితే అక్కడ రేకు సాగి, సొట్ట పోయినా ఆ భాగం నొక్కితే టక్కుమంటూ లోపలికీ బయటికీ ఆడుతుంది. సాగిన రేకును మళ్లీ కుదించడం సొట్ట తీయడం కంటే పదిరెట్లు కష్టం.

మెడ ఇరుకై చెయ్యి దూరకపోతే, రెండు చోట్ల వంచిన పొడవాటి ఇనుప కడ్డీని వైసులో (బల్లకు అమర్చిన బిగింపు పట్టులో) బిగించండి. గుండ్రంగా నునుపు చేసిన కొన బిందె లోపల సొట్టకు ఆనాలి. వైసు దగ్గర కడ్డీ మీద సుత్తి వేస్తే, అవతలి కొన ఎగిరి లోపలి నుంచి సొట్టను తంతుంది. ఇత్తడి పని చేసే కంచరివాళ్ల పనితనం అంతా ఈ కడ్డీ మీదే తెలుస్తుంది.

చెవి పెట్టి వినండి. మెత్తటి రేకు దబ్‌మంటుంది. శబ్దం ఖంగుమని మారి సుత్తి వెనక్కి ఎగురుతుంటే రేకు గట్టిపడింది. ఇంకో నాలుగు దెబ్బలు అనుకోవద్దు, మళ్లీ కాల్చండి. లోతైన సొట్టకు రెండు మూడుసార్లు కాల్చక తప్పదు. చివర్లో నున్నటి ఉక్కు సుత్తితో, లోపల దాగలి (ఇనుప దిమ్మ) ఆనించి, ఒకదాని అంచు మీద ఒకటి పడేలా తేలిక దెబ్బలు వేస్తే పైభాగం సమమవుతుంది. ఆ గట్టిదనం బిందెకు అవసరం కూడా. పూర్తిగా మెత్తగా వదిలితే నీళ్ల బరువుకే నొక్కుకుంటుంది.

కానీ దెబ్బల ఒత్తిడి రేకులో నిలిచి ఉంటుంది. దానికి తేమ, అమోనియా తోడైతే నెలల తర్వాత బిందె దానంతటదే పగులుతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో ఇలాగే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియాయే మూలమని 1921లో తేల్చారు. చెంబు లాంటి చిన్న వస్తువైతే ఓవెన్‌లో 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. గట్టిదనం పెద్దగా తగ్గకుండానే ఒత్తిడి దిగుతుంది. బిందె ఓవెన్‌లో పట్టదు కాబట్టి బొగ్గుల సెగ మీద తిప్పుతూ, తగరం ముక్క ఆనిస్తే కరిగేంత వేడిలో కాసేపు ఉంచాలి. వంటకు, పులుపుకు వాడే పాత్రకు ఎలాగూ మళ్లీ కళాయి వేయించాలి. దానికి వాడే నవాసాగరం అమోనియా లవణమే, కాబట్టి కళాయి అయ్యాక లోపలా బయటా రెండు మూడు నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. అమోనియా కలిసిన అద్దాల క్లీనరుతో బిందె తుడవకండి, ఎరువుల బస్తాల పక్కన పెట్టకండి.