ఫ్రిజ్ మీద ఒక కాగితం: కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ చూడటం ఎలా

మా అమ్మాయి అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాక శనివారాలు ఫోన్ ఎత్తడం మానేసింది. ఆ రోజు కాలేజీ ఫుట్‌బాల్ ఆటలుంటాయి, అంటే చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఎప్పుడైనా ఎత్తినా వెనక అరుపులే తప్ప దాని మాట వినపడేది కాదు. ఇలా లాభం లేదని 2024 సీజన్‌లో నేనే న్యూజెర్సీలో టీవీ ముందు కూర్చున్నాను. మీ పిల్లలు కూడా ఇలాంటి కాలేజీలో ఉంటే, నేను పడ్డ తిప్పలు మీకు తప్పుతాయేమోనని ఇది రాస్తున్నాను.

ముందు రూల్స్ అన్నీ నేర్చుకుందామని కూర్చోకండి, విసుగొస్తుంది. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ఛాన్సులు, వాటినే డౌన్లు అంటారు. పది దాటితే మళ్లీ నాలుగిస్తారు. బంతిని అవతలి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాని వెనకే బంతిని గోల్‌లోంచి తంతే ఇంకో 1. అంతదాకా వెళ్లలేక మధ్యలోంచే గోల్‌లోకి తంతే ఫీల్డ్ గోల్, 3. ఆ పది గజాలు ఎక్కడిదాకానో చూపిస్తూ టీవీలో కనిపించే పసుపు గీత నిజంగా మైదానంలో ఉండదు, టీవీవాళ్లు గీసేది. మొదటి నెల ఆ గీత దాటారా లేదా అన్నదొక్కటి చూస్తే చాలు. ఆట గంటే గానీ అయ్యేసరికి మూడున్నర గంటలు పడుతుంది. మధ్యలో వంట కూడా చేసుకోవచ్చు.

అసలు పని కాగితంతో. సీజన్‌లో ఉన్న 12 ఆటలూ చేత్తో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. తేదీ, ఎవరితో, సొంత ఊళ్లోనా బయటా, ఆట లేని వారాలు ఏవి. ఎదుటి జట్టు ర్యాంకు మాత్రం పెన్సిల్‌తో రాయండి, వారం వారం మారుతుంది. టైమ్ గడి ఖాళీగా వదిలేయండి. చాలా ఆటలు ఎన్నింటికో టీవీవాళ్లు వారం పది రోజుల ముందు గానీ తేల్చరు. అందుకే పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఆట రోజు సాయంత్రానికి తిరుగు టికెట్ తీసుకోకండి.

మొదటి స్కోర్లు చూసి మురిసిపోవద్దు. ఆక్రన్ మీద 52-6, వెస్టర్న్ మిషిగన్ మీద 56-0 అని చూసి నేను గొప్పగా మెసేజ్ పెడితే, "నాన్నా, అవి లెక్కలోకి రావు" అని జవాబొచ్చింది. పెద్ద కాలేజీలు చిన్నవాటికి డబ్బిచ్చి మరీ అలాంటి ఆటలకు పిలుస్తాయట.

లెక్కలోకి వచ్చేవి ఆ తర్వాత మొదలవుతాయి. అక్టోబర్‌లో ఒరెగన్‌తో ఆట వాళ్ల ఊళ్లో. చివరి 10 సెకన్లు. 11 మంది ఉండాల్సిన చోట ఒరెగన్ 12 మందిని నిలబెట్టింది. తప్పే, మనకి 5 గజాలు ఇచ్చారు. కానీ ఆ ఒక్క ఛాన్సుకి 4 సెకన్లు కరిగిపోయాయి, అవి తిరిగి రాలేదు. తర్వాతి ఛాన్సుకి మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) విల్ హవర్డ్ పరిగెత్తి కింద జారేసరికి గడియారంలో సున్నా. 32-31తో ఓడిపోయాం. ఆ లొసుగుని కొద్ది రోజుల్లోనే మూసేశారు, మన ఆట మాత్రం పోయిందే. కాగితం మీద ఓటమి రాసేటప్పుడు ఎవరి చేతిలో, ఎంత తేడాతో అన్నది తప్పకుండా రాయండి. ర్యాంకులిచ్చే కమిటీ కూడా ఎవరి చేతిలో ఓడామన్నది చూస్తుంది.

ఒక్క ఆట దగ్గర మాత్రం జాగ్రత్త. నవంబర్ చివరి శనివారం బద్ధ ప్రత్యర్థి మిషిగన్‌తో. ఆ వారమంతా క్యాంపస్‌లో బోర్డుల మీదున్న ఎం అక్షరాలకి ఎర్ర టేపు కొట్టేస్తారు. ఆ ఏడాది సొంత మైదానంలో, లక్షమంది ముందు, 13-10తో ఓడిపోయారు. నేను ఫోన్ చేసి "పోనీలేమ్మా, ఆటే కదా" అన్నాను. కట్ చేసేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. మీరు మాత్రం తను చేసేదాకా ఆగండి.

రెండు ఓడితే సీజన్ అయిపోయినట్టేనని కాగితం పీకేయబోయాను. పీకకండి. సీజన్ చివర ఛాంపియన్‌ని తేల్చే ఓడితే ఇంటికే ఆటలు ఉంటాయి, వాటిని ప్లేఆఫ్ అంటారు. 2023 దాకా ప్లేఆఫ్‌కి నాలుగు జట్లే, 2024 నుంచి 12. మనవాళ్లు ఎనిమిదో స్థానంలో లోపలికెళ్లి టెనసీని 42-17తో పంపించారు. జనవరి 1న కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ స్టేడియంలో అదే ఒరెగన్ మీద రెండో క్వార్టర్‌కే (ఆటలో నాలుగు భాగాల్లో రెండోది) 34-0 ఆధిక్యం, ఆటా గెలిచారు. తర్వాత టెక్సస్‌ని, చివరికి ఫైనల్లో నోటర్ డామ్‌ని 34-23తో ఓడించి ఛాంపియన్లయ్యారు. కాబట్టి 12 గడుల కింద ఇంకో నాలుగు గడులు ముందే గీసి పెట్టుకోండి.

తర్వాతి సీజన్‌కి కొత్త కాగితం రాశాను. నాది తెలుగులో కదా, ఎం అక్షరం ఎక్కడుంది? "మి" మీద ఎర్ర టేపు వేశాను. సెలవులకి వచ్చిన అమ్మాయి ఫ్రిజ్ ముందు నిలబడి ఫోటో తీసుకుని ఫ్రెండ్స్‌కి పంపింది.