వింత విషయాన్ని క్విజ్ ప్రశ్నగా మార్చే ముందు నిగ్గు తేల్చడం ఎలా?

గ్రంథాలయ వారోత్సవాలకో, పాఠశాల వార్షికోత్సవానికో క్విజ్ ప్రశ్నలు రాసిపెట్టమని అడిగితే చాలామంది చేసే పనే నేనూ చాలాకాలం చేశాను. చిన్నప్పటి నుంచి విన్నవీ, పోటీపరీక్షల పుస్తకాల్లో చూసినవీ, వాట్సాప్‌లో వచ్చినవీ కలిపి యాభై ప్రశ్నలు గుదిగుచ్చి ఇచ్చేవాణ్ణి. ఒక ఏడాది భారతదేశ జాతీయ క్రీడ హాకీ అని జవాబు చదివినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "అలా ప్రకటించిన ఉత్తర్వు ఏది సార్?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వచ్చి వెతికితే తెలిసిందేమిటంటే, 2012లో సమాచార హక్కు చట్టం కింద వచ్చిన ఒక దరఖాస్తుకు బదులిస్తూ, తాము ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖే స్పష్టం చేసింది. ఆ తరువాత ప్రశ్నలు తయారుచేసే పద్ధతి మార్చుకున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

విన్న విషయాన్ని ముందుగా ఒక పూర్తి వాక్యంగా కాగితం మీద రాయాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, సగం తగాదాలు ఇక్కడే తేలిపోతాయి. ఉదాహరణకు "శుక్రగ్రహం మీద రోజు సంవత్సరం కంటే పెద్దది" అనే మాట తీసుకుందాం. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన లెక్కలో సుమారు 243 రోజులు, సూర్యుని చుట్టూ తిరగడానికి సుమారు 225 రోజులు పడుతుంది కనుక ఆ మాట నిజమే. కానీ రోజు అంటే ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం వరకు అని లెక్కిస్తే, శుక్రుడు వ్యతిరేక దిశలో తిరుగుతున్నందువల్ల అది సుమారు 117 రోజులే అవుతుంది. అప్పుడు ఆ మాట అబద్ధం. "రోజు" అంటే ఏమిటో చెప్పకుండా ఈ ప్రశ్న అడిగితే రెండు జట్లూ గెలిచినట్టే, లేదా రెండూ ఓడినట్టే. "హిందీ మన జాతీయ భాష" అన్నది కూడా ఈ కోవలోదే. రాజ్యాంగంలోని 343వ అధికరణం దేవనాగరి లిపిలో రాసే హిందీని కేంద్ర ప్రభుత్వ అధికార భాషగా పేర్కొన్నదే తప్ప, జాతీయ భాష అనే హోదాను ఏ భాషకూ ఇవ్వలేదు. ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో తెలుగూ ఒకటి. ఒక్క మాట మారితే జవాబు తలకిందులవుతుంది.

వాక్యం రాసుకున్నాక పుస్తకాల జోలికి వెళ్లకముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది నిజమైతే ఇంకా ఏమేమి నిజం కావాలి? చైనా మహాకుడ్యం చంద్రుని మీద నుంచి కంటికి కనిపిస్తుందని మా తరం పాఠశాలలో విన్నది. ఆ గోడ వేల కిలోమీటర్ల పొడవున్న మాట నిజమే కానీ, వెడల్పు చాలా చోట్ల పది మీటర్లకు లోపే. అంత వెడల్పు కనిపించేటట్లయితే, అంతకంటే వెడల్పుగా ఉన్న మన నాలుగు వరుసల జాతీయ రహదారులన్నీ కనిపించాలి కదా! చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు; అక్కడి నుంచి ఆ గోడను చూడడమంటే నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న తలవెంట్రుకను చూడడం లాంటిది, వెంట్రుక ఎంత పొడవైనా లాభం లేదు. పైగా ఈ మాట 1932 నాటికే అమెరికాలో అచ్చయింది. అప్పటికి చంద్రుని దాకా వెళ్లినవారెవరూ లేరు కనుక, చూసి చెప్పినవారెవరన్న ప్రశ్నకే ఇది నిలవదు. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లివెయ్ భూకక్ష్య నుంచి తిరిగివచ్చి, గోడ తనకు కనిపించలేదని చెప్పాడు. తమిళనాడులోని తిరునళ్లారు శనీశ్వరాలయం మీదుగా వెళ్లే ఉపగ్రహాలు మూడు సెకన్లు ఆగిపోతాయనే సందేశం కూడా ఇలాగే ఆలోచిస్తే కూలిపోతుంది. మొదటి చిక్కు ఊరిదే: తిరునళ్లారు ఉన్నది పుదుచ్చేరికి చెందిన కారైక్కాల్‌లో, తమిళనాడులో కాదు. రెండోది భౌతికశాస్త్రానిది: భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంటుంది, ఆ వేగమే దాన్ని కింద పడకుండా కాపాడుతుంది; ఆగితే ఇక మిగిలేది పతనమే.

ఈ వడపోతలో నిలిచినవాటికి మూలం వెతకాలి. అన్నింటికంటే ఎక్కువ సమయం పట్టేదీ, నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఈ పనే. "దేశభాషలందు తెలుగు లెస్స అన్నది ఎవరు?" అనే ప్రశ్న అడగని తెలుగు క్విజ్ ఉండదు, శ్రీకృష్ణదేవరాయలు అనే జవాబుకు మార్కు వేయని నిర్వాహకుడూ ఉండడు. ఆముక్తమాల్యద తెరిచి చూస్తే ఆ పాదం ఉన్న మాట నిజమే. కాని అక్కడ మాట్లాడుతున్నది రాయలు కాదు. కళింగ దండయాత్రకు బయలుదేరిన రాయలు దారిలో శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి, కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు తెలుగులోనే కావ్యం రాయమని కోరుతూ పలికిన పద్యమది. ఆ శ్రీకాకుళం కూడా ఉత్తరాంధ్రలోది కాదు, కృష్ణా జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఇంకొంచెం వెనక్కి వెళితే మరో ఆశ్చర్యం ఎదురవుతుంది. వినుకొండ వల్లభరాయని పేరున ఉన్న క్రీడాభిరామంలో, అంటే రాయలు 1509లో సింహాసనం ఎక్కడానికి ముందు తరాల నాటి కావ్యంలో, "జనని సంస్కృతంబు సకల భాషలకును, దేశభాషలందు తెలుగు లెస్స" అని అక్షరాలా అదే పాదం ఉంది. క్రీడాభిరామం శ్రీనాథుని రచనేనని వాదించిన పండితులూ ఉన్నారు. కనుక ఒక్క పేరు అడిగే ప్రశ్నకు ఇది పనికిరాదు, "ఈ పాదాన్ని ఆముక్తమాల్యదలో ఎవరి నోట పలికించారు?" అని అడిగితే మాత్రం చక్కని ప్రశ్న అవుతుంది. అసలు గ్రంథం తీసి పద్యానికి ముందూ వెనకా ఏముందో చదివితేనే ఇలాంటి ప్రశ్న పుడుతుంది.

మూలం అన్నప్పుడు సంస్థ పేరు చూసి మోసపోకూడదు. సందేశంలో నాసా, యునెస్కో లాంటి పేరు కనిపిస్తే ఆ సంస్థ స్వయంగా ఏమన్నదో చూడాలి. దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం అంటూ ప్రతి ఏటా తిరిగే రంగురంగుల చిత్రం దీనికి మంచి ఉదాహరణ. అది ఒక రాత్రి తీసిన ఫొటో కానేకాదు. 1992, 1998, 2003 నాటికి కొత్తగా వచ్చి చేరిన విద్యుద్దీపాల వెలుగును వేర్వేరు రంగుల్లో చూపుతూ, జనాభా విస్తరణను తెలియజేయడానికి ఉపగ్రహ సమాచారం నుంచి కూర్చిన పటం అది. ఈ సంగతిని నాసానే 2012లో వివరించింది. జనగణమనను ప్రపంచంలోనే ఉత్తమ జాతీయగీతంగా యునెస్కో ప్రకటించిందన్న సందేశానికి కూడా ఆధారం లేదు, ఆ సంస్థ అలాంటి ప్రకటన చేయలేదు.

జనగణమన దగ్గరే ఇంకో మెలిక ఉంది. పాత పత్రిక దొరికితే అదే పరమ ప్రమాణం అనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో ఈ గీతాన్ని పాడారు. అదే రోజు అయిదో జార్జి చక్రవర్తిని కీర్తిస్తూ ఒక హిందీ పాట కూడా పాడారు. ఆనాటి కొన్ని ఆంగ్ల పత్రికలు ఈ రెంటినీ కలగలిపి, ఠాగూర్ పాటే చక్రవర్తికి స్వాగతగీతమని రాసేశాయి. ఆ పొరపాటు నుంచి పుట్టిన వాదాన్ని తరువాత తన ఉత్తరాల్లో ఠాగూరే ఖండించవలసి వచ్చింది. ఒకే సంఘటనకు ఒకే రోజు రాసిన రెండు కథనాలు కూడా వేరువేరుగా ఉండవచ్చు కనుక, కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు కుదిరే దాకా ప్రశ్నను పక్కన పెట్టాలి. ఒకదాన్ని చూసి ఒకటి రాసిన పది వెబ్‌సైట్లు ఒక్క ఆధారం కిందే లెక్క. ఇదే గీతానికి సంబంధించి మనవాళ్లలో చాలామందికి తెలియని నిజం ఒకటుంది: దీన్ని ఠాగూర్ ఆంగ్లంలోకి అనువదించింది 1919లో, మన మదనపల్లెలోని థియోసాఫికల్ కళాశాలలో. అబద్ధపు వింతలు పంచుకునేవారికి ఈ నిజమైన వింత ఎందుకు చేరలేదో నాకు అర్థం కాదు.

కొన్నింటికి పుస్తకాలే అక్కరలేదు, వంటింటి సామాను చాలు. గ్రహణం వేళ పళ్లెంలో నీళ్లు పోసి రోకలిని నిలబెడితే దానంతటది నిలుచుంటుందనీ, గ్రహణం విడవగానే పడిపోతుందనీ మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి గ్రహణానికీ వార్తలు వస్తాయి. రోకలి నిలబడడం అబద్ధం కాదు, ఆ ఫొటోలు నిజమైనవే. పరీక్షించవలసింది గ్రహణానికీ దానికీ ఉన్న సంబంధాన్ని. అందుకని ఏ గ్రహణమూ లేని మామూలు రోజున అదే రోకలి, అదే పళ్లెం, అంతే నీళ్లు తీసుకుని ఓపికగా పదిసార్లు ప్రయత్నించి, ఎన్నిసార్లు నిలిచిందో రాసుకోవాలి. మా ఇంట్లో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడో ప్రయత్నానికే నిలిచింది. అడుగున పొన్ను, అంటే రోకలి కొనకు తొడిగే లోహపు కట్టు, చదునుగా ఉండి, రోకలి బరువంతా ఆ పొన్ను మీదుగా నిట్టనిలువునా దిగితే అది ఏ రోజైనా నిలుస్తుంది. పొన్ను అరిగి ఒక పక్కకు ఒరిగినదైతే గ్రహణం రోజున కూడా మొరాయిస్తుంది. సూర్యచంద్రులు ఒకే వైపు నుంచి లాగుతారన్న వాదన తెచ్చినా, ఆ అమరిక కాస్త అటూఇటూగా ప్రతి అమావాస్యకూ ఉండేదే. గ్రహణం రోజున మాత్రమే ప్రయత్నించినవారికి ఈ తేడా తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే మిగతా రోజుల్లో రోకలిని నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఇంతవరకు అబద్ధాన్ని పట్టుకోవడం గురించి చెప్పాను. దానికంటే కష్టమైనది, అబద్ధాన్ని ఖండిస్తూ వచ్చిన మాటను కూడా అంతే గట్టిగా పరీక్షించడం. పాలకూరలో ఇనుము విపరీతంగా ఉంటుందన్న నమ్మకం ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో దశాంశ బిందువు ఒక స్థానం తప్పుగా పడడం వల్ల ఇనుము పదిరెట్లు ఎక్కువగా కనిపించిందనీ, ఈ నమ్మకం దాని ఫలితమేననీ తెలివైనవారు దాన్ని కొట్టిపారేస్తారు. ఈ దశాంశ బిందువు కథను 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వైద్యుడు ఆధారం చూపకుండా రాశాడు. 2010లో మూలాలు తవ్విచూసిన పరిశోధకునికి అలాంటి అచ్చుతప్పు జరిగిన దాఖలా దొరకలేదు. అంటే పుక్కిటి పురాణాన్ని ఖండించిన కథే ఇంకో పుక్కిటి పురాణం. నిజానికి వంద గ్రాముల పచ్చి పాలకూరలో సుమారు 2.7 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, కానీ అందులో మన శరీరం గ్రహించేది కొద్దిగానే. పాముల సంగతీ ఇంతే. అవి నాగస్వరం విని ఆడతాయన్నది ఒక తప్పు, వాటికి అసలు వినికిడే లేదన్నది ఇంకో తప్పు. బయటికి కనిపించే చెవులు లేకపోయినా లోపలి చెవి ఉంది, దవడ ఎముకల ద్వారా నేల అదురును అవి పసిగడతాయి. పాములవాడి ముందు మాత్రం అవి కదిలేది అటూఇటూ ఊగే ఆ బూరను చూసి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు కనుక ఖండించేటప్పుడు ఆ నిప్పు ఎక్కడుందో కూడా చూడాలి. ఐన్‌స్టీన్ లెక్కల్లో తప్పాడన్న కథకు వెనక, 1895లో పదహారేళ్ల వయసులో ఆయన జ్యూరిక్ పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షలో నిజంగానే ఉత్తీర్ణుడు కాకపోవడం ఉంది. అయితే దెబ్బతిన్నది సాధారణ విషయాల భాగంలో, గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ ఆయన రాణించాడు. మరుసటి ఏడాదే అక్కడ చేరాడు.

చివరికి నిలిచిన విషయాన్ని కార్డు మీద ఎక్కించేటప్పుడు ప్రశ్న, జవాబు రాసి ఊరుకోకూడదు. ఏ గ్రంథంలో ఏ పుటలో చూశారో, ఎప్పుడు చూశారో వెనక రాయాలి, ఎందుకంటే కొన్ని జవాబులు మారుతుంటాయి. జిల్లాల సంఖ్య, గ్రహాలకున్న ఉపగ్రహాల సంఖ్య లాంటివి రెండేళ్లకే పాతబడతాయి. ఒప్పుకోదగిన ఇతర జవాబులను కూడా అక్కడే రాసుకుంటే వేదిక మీద వాదన తప్పుతుంది. ఆధారం దొరకని ప్రశ్న ఎంత రుచిగా ఉన్నా తీసివేయాలి. నా సంచిలో అలా తీసేసిన కార్డుల కట్ట వాడుతున్న కట్ట కంటే లావుగా ఉంది. హాకీ ప్రశ్నను మాత్రం తీయలేదు, మార్చి రాసుకున్నాను: "కేంద్ర ప్రభుత్వం అధికారికంగా ప్రకటించిన జాతీయ క్రీడ ఏది? హాకీ, కబడ్డీ, క్రికెట్, ఏదీ కాదు." కార్డు వెనక 2012 నాటి జవాబు వివరం రాసి ఉంది, ఎవరు లేచి అడిగినా చదివి వినిపించడానికి.