బయానా చేతికిచ్చే ముందు: అనంతపురంలో మొదటి ఇల్లు కొనేవారికి

ఇల్లు చూడగానే నచ్చుతుంది. మంచిరోజు దాటిపోతుందనో, ఇంకొకరు తన్నుకుపోతారనో ఆ సాయంత్రమే లక్ష రూపాయలు బయానా ఇచ్చేస్తారు. కాగితాలు ఆ తర్వాత చూస్తారు. ఈ వరుస తిరగేయాలి. మీ చేతిలో డబ్బు ఉన్నంతవరకే అమ్మేవారు అడిగిన కాగితం ఓపిగ్గా తెచ్చిస్తారు.

ముందు లెక్క వేసుకోండి. ఇంటి ధర 40 లక్షలు అనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న గృహరుణంలో బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇవ్వగలదు, అంటే 32 లక్షలు. ఆ విలువ కూడా మీరు మాట్లాడుకున్న ధర కాకపోవచ్చు. బ్యాంకు వాల్యుయర్ తక్కువ వేస్తే రుణం దాని మీదే లెక్కిస్తారు. పాత మట్టి మిద్దెలకు, ప్లాను లేకుండా వేసిన పై అంతస్తులకు ఇలా తగ్గడం మామూలే. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 40 లక్షల మీద అది 3 లక్షలు, దీనికి రుణం రాదు. కాబట్టి సొంత డబ్బు కనీసం 11 లక్షలు ఉండాలి. వకీలు, బ్యాంకు ఖర్చులు, చిన్నచిన్న మరమ్మతులు దీనికి అదనం. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు లక్షకు నెలకు సుమారు 868 రూపాయల కిస్తు పడుతుంది. అంటే 32 లక్షలకు దాదాపు 27,800.

ఇక కాగితాలు. అసలు పని ఇక్కడే. అమ్మేవారి దగ్గర ఇంటి డాక్యుమెంటు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఇంటిపన్ను రసీదు, ప్లాను జిరాక్సులు తీసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో కనీసం 30 ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయండి. డోర్ నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఇంకోసారి వెతకాలి, ఎందుకంటే ఒకదానిలో కనబడని లావాదేవీ రెండోదానిలో బయటపడుతుంది. ఈసీలో రిజిస్టరైనవి మాత్రమే వస్తాయి. రిజిస్టరు చేయని అగ్రిమెంటు, వీలునామా, అన్నదమ్ముల నోటి పంపకం, కోర్టు కేసు అందులో కనిపించకపోవచ్చు. వాటి సంగతి స్థానిక సివిల్ కోర్టులో పనిచేసే వకీలుతో విచారించాలి.

అదే వెబ్‌సైట్‌లో 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్టరు చేయకూడని భూముల జాబితా) సర్వే నంబరు ఉందేమో చూడండి. మన ఊళ్ల చుట్టుపక్కల ఇది తప్పనిసరి. ప్రభుత్వం పేదలకు సాగు కోసం ఇచ్చిన డీకేటీ పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. పట్టణం పెరిగాక అలాంటి భూములు కొన్నిచోట్ల ప్లాట్లయ్యాయి. అక్కడ ఇల్లుంటుంది, కరెంటు మీటరుంటుంది, ఇంటిపన్నూ కడుతుంటారు. వీటిలో ఏదీ హక్కు ఇవ్వదు. ‘ఇరవై ఏళ్లు దాటింది, ఫ్రీహోల్డ్ (అమ్ముకునే హక్కున్న భూమి) అయిపోయింది’ అంటే మాటతో సరిపెట్టుకోకండి. ఆ నంబరు జాబితాలోంచి తీసినట్టు మీ కంటితో చూడాలి. దేవాదాయ, వక్ఫ్ భూములదీ ఇదే పద్ధతి.

వారసత్వపు ఇల్లయితే తహసీల్దారు ఇచ్చే కుటుంబసభ్యుల ధ్రువపత్రం అడగండి. ‘ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసి పంపించాం, వాళ్ల సంతకం ఎందుకు’ అంటారు. కావాలి. హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా పోతే, అది ఆయన స్వార్జితమైనా, భార్యతో పాటు కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా ఉంటుంది. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ ఉంటుంది. ఒక్క సంతకం తగ్గినా ఆ వాటా మేరకు మీకు హక్కు రాదు. జీపీఏ (యజమాని తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) మీద, నోటరీ కాగితం మీద కొనొద్దు. జీపీఏ అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

లేఅవుట్‌లోని ఇల్లయితే ఎల్పీ నంబరు (లేఅవుట్ ఆమోదపు నంబరు) అడిగి, ఆమోదించిన ప్లానుతో నేల మీది రోడ్ల వెడల్పు పోల్చండి. పంచాయతీ ముద్ర ఒక్కటే ఉన్న కాగితం చాలదు.

స్థలాన్ని టేపుతో నాలుగు పక్కలా కొలవండి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. మూడు సెంట్లని ధర కట్టిన స్థలం 145.2 గజాలు రావాలి. 138 వస్తే ఏడు గజాలకు పైగా లేని నేలకు డబ్బు కట్టినట్టే.

నీళ్ల సంగతి వేసవిలో అడగాలి. బోరు ఎన్ని అడుగులు, మే నెలలో మోటారు ఎంతసేపు ఆడుతుంది, వెయ్యి లీటర్ల ట్యాంకు ఎంతసేపట్లో నిండుతుంది అన్నది ఎదురింటివారిని అడగండి. అమ్మేవారిని కాదు. వానలు తక్కువ పడే ఊరని వంకలను (వాగులను) మరవొద్దు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. సర్వేయరు దగ్గర ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసుకుని, వంక పోరంబోకు ఇంటికి ఎంత దూరమో చూడండి.

ఇంట్లో కొత్త రంగు కొట్టి ఉంటే అల్మారా లోపల, మెట్ల కింద, బాత్రూము వెనక గోడ చూడండి. చెమ్మ అక్కడ దాగదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా వెళ్లిన పగులు, శ్లాబు కింద ఊడిన పెచ్చు, బయటపడ్డ తుప్పు కడ్డీ కనబడితే ఇంజినీరుకు చూపించకుండా ముందుకెళ్లొద్దు. నల్లరేగడి నేల మీద కట్టినవాటిలో పగుళ్లు ఎక్కువ. ఆ నేల తడికి ఉబ్బి ఎండకు కుంగుతుంది.

ఇవన్నీ సరిపోయాకే అగ్రిమెంటు. వాటాదారులందరి సంతకాలు, హద్దులు, కొలతలు, గడువు రాయించండి. హక్కులో లోపం తేలినా, 22ఎలో ఉన్నా బయానా ఎన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వాలో అందులోనే ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) కోసి కట్టాల్సింది కొనేవారే.

రిజిస్ట్రేషన్ రోజు ఇద్దరు సాక్షులు, ఆధార్, పాన్ కావాలి. సుంకం మార్కెట్ విలువ, ఒప్పందపు ధర రెండిట్లో ఎక్కువదాని మీద పడుతుంది. ధర తగ్గించి రాయించమంటే ఒప్పుకోకండి. రుణం తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం పెద్దదిగా కనబడి పన్ను పెరుగుతుంది.

కొన్ని రోజులాగి మళ్లీ ఈసీ తీసి మీ పేరు ఎక్కిందో లేదో చూడండి. ఇంటిపన్ను, కుళాయి, కరెంటు మీటరు పేర్లు మార్పించుకోండి. ఒరిజినల్స్ బ్యాంకులో ఉంటాయి కాబట్టి సర్టిఫైడ్ నకలు ఇంట్లో పెట్టుకోండి. రుణం తీరిన 30 రోజుల్లో బ్యాంకు వాటిని తిరిగివ్వాలి. అప్పుడే తనఖా రద్దును కూడా రిజిస్టరు చేయించుకోండి, లేదంటే తీరిపోయిన అప్పు ఈసీలో అలాగే కనిపిస్తూ ఉంటుంది.