ఆల్ప్స్ పల్లెల హాస్టళ్ళలో సర్దుకోవడం ఎలా? మంచం సులువే, పోపే కష్టం

విదేశాల్లో యాత్రికులు బసచేసే హాస్టల్ అనగానే మనవాళ్ళు మంచం గురించి, బాత్‌రూం గురించి బెంగ పెట్టుకుంటారు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పెళ్ళి విడిదిలో ఇరవైమందితో ఒకే హాల్లో దొర్లినవాళ్ళకి ఆరు మంచాల గది ఒక లెక్కా? కొంప ముంచేది వంటిల్లు. రెండో రోజు సాయంత్రం పప్పు మీద ప్రాణం లాగుతుంది, పోపు పెడతారు, అలారం మోగుతుంది, నలభైమంది చెప్పులేసుకుని చలిలో బయట నిలబడతారు. ఇది ఎన్నిసార్లు జరిగినా మళ్ళీ జరుగుతూనే ఉంటుంది.

లౌటర్‌బ్రున్నెన్, గిమ్మెల్‌వాల్డ్ లాంటి స్విట్జర్లాండ్ కొండపల్లెల్లో సంచీ వీపున వేసుకుని తిరిగేవాళ్ళ కోసం ఇది. జర్మనీ, ఆస్ట్రియా పల్లెలకీ చాలామటుకు ఇదే పద్ధతి.

సామాను

నలభై లీటర్ల సంచీ చాలు, నిండాక 9 కిలోలు దాటకూడదు. దాటితే జీన్సు తీసెయ్యండి. స్లీపింగ్ బ్యాగ్ వద్దు. నల్లుల భయంతో చాలా హాస్టళ్ళు దాన్ని మంచం మీద పరవనివ్వవు, దుప్పటి వాళ్ళే ఇస్తారు. లాకర్‌కి మీ తాళం మీరే తెచ్చుకోవాలి, నంబరు తాళమైతే మేలు. మన రెండు పిన్నుల ఛార్జర్ చాలావరకు అక్కడ పడుతుంది గానీ స్విస్ సాకెట్ గుంటలా లోపలికి ఉంటుంది, లావు మొద్దు ఛార్జర్లు అందులో దూరవు. సన్నటిది తీసుకెళ్ళండి. పవర్ బ్యాంక్ చేతి సంచీలోనే పెట్టాలి, కారం పొడి, పచ్చడి లగేజీలో వేయాలి.

తువ్వాలు విషయంలో మాత్రం రాజీ లేదు: టర్కీ టవల్ వద్దు, మన గాముచా, అంటే పల్చటి నూలు తువ్వాలు, కావాలి. కొండల్లో తడి టవల్ రెండు రోజులైనా ఆరక కంపు కొడుతుంది. గాముచా రాత్రి మంచం కమ్మీకి ఆరేస్తే తెల్లారేసరికి పొడిగా ఉంటుంది. మైక్రోఫైబర్ అంటూ వెయ్యి రూపాయలు పోసేవాళ్ళకి చెప్పేదేమీ లేదు.

తిండి సామానులో నెయ్యి, పాలకోవా, పన్నీరు, మాంసం పచ్చళ్ళు వద్దు. భారతదేశం నుంచి పాల వస్తువులు, మాంసం తీసుకెళ్ళడం అక్కడ నిషేధం. పచ్చి కరివేపాకు కూడా అంతే. మరి ఏం తీసుకెళ్ళాలి? వేయించిన కరివేపాకు కలిపి కొట్టిన కందిపొడి 200 గ్రాములు, నూనెలో మునిగిన ఆవకాయ 200 గ్రాములు రెండు జిప్ కవర్లలో, బరంపురం అప్పడాలు ఇరవై, చిన్న పోపు డబ్బా. మనిషికి పది రోజులకి ఇది సరిపోతుంది.

బయల్దేరే ముందు డిసెంబర్లో ఆ సంచీ అదే బరువుతో వేసుకుని ఒక్కసారి మన ఒడిశా కొండలు మహేంద్రగిరో దేవ్‌మాలియో ఎక్కి రండి. ఒకటి 1501 మీటర్లు, ఇంకొకటి 1672. గిమ్మెల్‌వాల్డ్ ఊరే 1363 మీటర్ల ఎత్తులో ఉంది. ఏ పట్టీ భుజాన్ని కోస్తుందో ఇక్కడే తెలిసిపోవాలి.

మంచం, స్నానం

గదిలోకి వెళ్ళగానే సంచీ నేల మీదే ఉంచండి, మంచం మీద పెట్టకండి. పరుపు నాలుగు మూలల కుట్లూ, మంచం చెక్కల సందులూ ఫోన్ లైటుతో చూడండి. మిరియం నలిపినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే ఏమీ ముట్టుకోకుండా రిసెప్షన్‌కి వెళ్ళి వేరే గది అడగండి. చుక్కలేమీ లేకపోతే దుప్పటి మీరే వేసుకోండి, అక్కడ ఎవరూ వచ్చి వెయ్యరు. కింది మంచం దొరికితే వదలకండి.

బాత్‌రూంలో చెంబు ఉండదు, అర లీటరు ఖాళీ సీసా దాచుకోండి. షవర్ బటన్ నొక్కిన కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది, అది పాడైపోయిందని రిసెప్షన్‌కి పరుగెత్తకండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది కాబట్టి సీసా మూత వెడల్పుగా ఉండాలి. తలంటుకుని షవర్‌లోకి వెళ్ళొద్దు, ఆ నేల మీద మీ తర్వాత వచ్చినవాడు జారిపడతాడు.

వంటిల్లు

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

ముందు పప్పు సంగతి. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. గిమ్మెల్‌వాల్డ్ ఎత్తులో దాదాపు 95, 96 డిగ్రీలకే మరుగు వస్తుంది. కొండల మీది కొరాపుట్‌లో కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకబెట్టినవాళ్ళకి ఆ బాధ తెలుసు, బరంపురం వాళ్ళకి తెలియదు. దానికి తోడు సున్నపురాయి కొండల నీటిలో సున్నం ఎక్కువ, పప్పు ఇంకా మొండికేస్తుంది. హాస్టల్లో కుక్కర్ ఉండదు. కాబట్టి కందిపప్పు మోసుకెళ్ళకండి. మిగ్రోస్, కోప్ దుకాణాల్లో ‘రోటె లిన్సెన్’ అని రాసి ఉండేది మన ఎర్ర మైసూరు పప్పే. ఇద్దరికి 150 గ్రాములు, అర లీటరు నీళ్ళు, పావు చెంచా పసుపు, పదిహేను నిమిషాలు. ఉప్పు దించేటప్పుడు వేయండి. ఆదివారం పల్లెల్లో చాలా దుకాణాలు మూసే ఉంటాయి, శనివారమే కొనుక్కోవాలి.

ఇక పోపు. అలారం ఎందుకు మోగుతుందో తెలిస్తే సగం గండం గడిచినట్టే. చాలా హాస్టళ్ళలో వంటింటి కప్పుకి ఉండేది వేడిని పట్టే పరికరం. పొగని పట్టేది బయట వరండాలోనూ పడక గదుల్లోనూ ఉంటుంది. పోపు వేడికి వంటింటి పరికరం కదలదు. వంటింటి తలుపు తెరిచి ఉంటే ఆ నూనె పొగ వరండాలోకి పోయి అక్కడిదాన్ని లేపుతుంది. మన ఇళ్ళలో ఘాటు వస్తే కిటికీ, తలుపు రెండూ బార్లా తీస్తాం, గాలి ఆడాలని. అక్కడ చేసే మొదటి తప్పు ఇదే. కిటికీ తెరవండి, తలుపు మూయండి. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టొద్దు, అది మంటల్ని ఆపడానికి దానంతటదే మూసుకునేలా చేసిన తలుపు. పొయ్యి మీది ఫ్యాను పోపుకి రెండు నిమిషాల ముందే వేసి, అయ్యాక పది నిమిషాలు ఉంచండి. ఫ్యాను ఉంది కదా అని కిటికీ మాత్రం మూయకండి. కొన్ని ఫ్యాన్లు గాలిని వడగట్టి మళ్ళీ గదిలోకే వదులుతాయి.

పోపు గరిటె ఇంటి నుంచి మోసుకెళ్ళొద్దు. ఇండక్షన్ పొయ్యి అంత చిన్న అడుగుని గుర్తించదు, గుర్తు మిణుకుమిణుకుమని ఆగిపోతుంది. అక్కడున్నవాటిలో మూత ఉన్న చిన్న గిన్నె, మందపు అడుగుది, వెతుక్కోండి.

ఇప్పుడు అసలు పద్ధతి. రెండు చెంచాల పొద్దుతిరుగుడు నూనె చల్లగా ఉండగానే అర చెంచా ఆవాలు వేసి మూత పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు చూస్తే తిడతారు, కాగిన నూనెలో వేయాలని. మంట కనిపించే పొయ్యి మీద వాళ్ళ మాట నిజమే. గాజు పలక పొయ్యి మీద నూనె ఎంత కాగిందో కంటికి తెలియదు, తెలిసేసరికి పొగ లేస్తుంది. చల్లటి నూనెలో వేసిన ఆవాలే మీకు థర్మామీటరు: అవి చిటపటలాడితే నూనె సిద్ధం, అంతకు మించి ఒక్క డిగ్రీ అక్కర్లేదు. తొమ్మిది నంబర్ల పొయ్యిలో ఐదు మీద పెట్టండి. తొమ్మిది మీద పెట్టి త్వరగా కానిద్దామనుకునేవాళ్ళే నలభైమందిని చలిలో నిలబెట్టేది.

మొదటి ఆవగింజ మూతకి తగలగానే గిన్నెని పొయ్యి మీంచి పూర్తిగా పక్కకి దించండి. స్విచ్ ఆపితే చాలనుకోవద్దు. ఇండక్షన్ ఆపగానే కాల్చడం మానేస్తుంది గానీ మామూలు గాజు పలక ఆపిన తర్వాత కూడా నిమిషాల తరబడి కాలుతూనే ఉంటుంది, ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపూ అది పొయ్యే. దించిన గిన్నెలో చెంచా మినపప్పు, అర చెంచా జీలకర్ర, మూడు వెల్లుల్లి రెబ్బలు వేసి తిప్పండి. ఆ వేడికే వేగుతాయి.

ఎండుమిరప ఆఖర్న, తుంచకుండా, తొడిమతో సహా. ఈ ఒక్క మాట వినండి. తుంచిన మిరపలోంచి గింజలు రాలి మాడతాయి, ఆ ఘాటు గొంతుల్లో పడితే పక్క పొయ్యి దగ్గర నూడుల్స్ ఉడికించుకుంటున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ బయటికి పోతుంది, పోతూ తలుపు తెరుస్తుంది, కథ మళ్ళీ మొదటికి. కారం కావాలంటే పప్పులో ఉడికేటప్పుడే పచ్చిమిర్చి వేసుకోండి. ఇంగువ నూనెలో వద్దు, పప్పు నీళ్ళలోనే కలపండి. మిరప రంగు మారగానే పోపుని పప్పులో వంచి మూత పెట్టెయ్యండి. చుయ్యిమనే ఆ ఆవిరి కూడా మూత కిందే ఉండాలి.

నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, మూత వేసి పొయ్యి ఆపండి. అలారం మోగిందా, చేతిలో గరిటె ఉన్నా సరే బయటికి నడవండి, లోపల నిలబడి తువ్వాలు ఊపొద్దు. ఫైరింజన్ వస్తే ఆ ఖర్చు మీ మీద పడవచ్చు.

ఇన్ని జాగ్రత్తలు మావల్ల కాదంటే పోపు మానేసి కందిపొడి కలుపుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. అప్పడాలు నూనెలో వేయించే ఊసే వద్దు. ఒక్కో అప్పడానికి రెండు వైపులా వేలితో నూనె రాసి మైక్రోవేవ్‌లో 30 నుంచి 45 సెకన్లు. మన అప్పడం మందం కాబట్టి దగ్గరే నిలబడి చూడాలి, నడుమ గోధుమ రంగు తిరిగితే ఆపెయ్యండి. పెరుగుకి ‘నాతూర్’ అని రాసి ఉన్న యోగర్ట్ కొనండి. రిసోట్టో బియ్యం, అంటే ముద్దగా ఉడికే ఇటలీ బియ్యం, మామూలు అన్నానికి పనికిరాదు గానీ పెరుగన్నానికి దాన్ని మించింది లేదు.

తిన్న వెంటనే గిన్నెలు కడగండి. పసుపు పడిన తెల్ల బల్ల ఆరకముందే తుడవండి.

రాత్రి, తెల్లవారు

ఇంటికి వీడియో కాల్ గదిలో వద్దు. ఎండాకాలంలో మనం మూడున్నర గంటలు ముందుంటాం, ఇక్కడ రాత్రి 9 అంటే అక్కడ సాయంత్రం 5:30. హాల్లో కూర్చుని ఆ వేళకే మాట్లాడేసుకోండి. రాత్రి 10 తర్వాత చాలా చోట్ల నిశ్శబ్దం పాటించాలి. పొద్దున్నే బస్సు ఉంటే సంచీ రాత్రే సర్దుకోండి. ఐదు గంటలకి పాలిథిన్ కవర్లు గరగరలాడించేవాడిని ఏ దేశంవాడూ క్షమించడు. బట్టలు కవర్లలో కాదు, గుడ్డ సంచుల్లో పెట్టుకుంటే ఆ గొడవే లేదు.

వెళ్ళేటప్పుడు దుప్పటి, దిండు గలీబు తీసి చెప్పిన బుట్టలో వేయండి. మిగిలిన పప్పు, బియ్యం అందరూ వాడుకునే అరలో పెట్టొచ్చు. కందిపొడి మాత్రం వెంట తీసుకుపొండి, పేరు లేని ఎర్రపొడిని ఎవరో ఒకరు పాలలో కలుపుకుంటారు.