బొటనవేలి పట్టు సడలితే మోచేతిని కూడా చూడండి

బీరువా తాళంచెవి తిప్పబోతే వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది, బండి తాళం పెట్టి తిప్పడానికి రెండో చెయ్యి కూడా వెయ్యాల్సొస్తోంది అన్నప్పుడు మనలో చాలామంది ముందు చేసే పని బొటనవేలికి బామ్ రాసుకోవడం. అది కాస్త ఆపి అరచేతిలో లోతుగా ఉండే ఒక చిన్న కండ గురించి తెలుసుకోండి. దాని పేరు అడక్టర్ పోలిసిస్. బొటనవేలిని చూపుడువేలి పక్కకు లాగి అదిమిపెట్టేది ఇదే.

దీనికి రెండు భాగాలు. ఒకటి మధ్యవేలి కింద అరచేతిలో ఉండే ఎముక పొడవునా మొదలై అడ్డంగా వస్తుంది, రెండోది మణికట్టు దగ్గర నుంచి ఏటవాలుగా వస్తుంది, రెండూ కలిసి బొటనవేలి మొదట్లో చూపుడువేలి వైపు అతుక్కుంటాయి. మనం మణికట్టు దగ్గర నాడి చూస్తామే, ఆ రక్తనాళం చేతి వెనక నుంచి ఈ రెండు భాగాల సందులోంచే అరచేతిలోకి దూరుతుంది.

చేత్తో తడిమి చూడాలంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న మెత్తటి చోటును రెండో చేతి వేళ్లతో ముందూ వెనకా పట్టుకోండి. ఇప్పుడు తాళంచెవి పట్టుకున్నట్టు బొటనవేలిని చూపుడువేలి పక్కకు నొక్కి వదలండి. చేతి వెనక వైపు ఉబ్బెత్తుగా లేచేది పక్క కండ, చాలామంది దాన్నే ఇదనుకుంటారు. అరచేతి వైపు లోపల బిగిసేది మన కండ.

ఇక పరీక్ష. పాత క్యాలెండర్ కాగితం ఒకటి తీసుకుని రెండు చేతులతో, బొటనవేళ్లకూ చూపుడువేళ్ల పక్కలకూ మధ్య ఇటొక అంచు అటొక అంచు పట్టుకుని, చించకుండా రెండు వైపులా లాగండి. కాగితం జారిందా లేదా అన్నది కాదు, బొటనవేలి చివరి కణుపు ఏం చేస్తోందో చూడండి. నిటారుగా ఉంటే మంచిదే. ఒక చేతిలో మాత్రం అది కొక్కెంలా వంగిపోతోందంటే ఆ చేతిలో అడక్టర్ బలం తగ్గిందని అనుమానించాలి, దాని పని ముంజేతిలోని ఇంకో కండ తన మీద వేసుకుని వేలి చివరను వంచి పట్టు నిలబెడుతోంది. ఫ్రెంచ్ న్యూరాలజిస్టు జూల్ ఫ్రోమాన్ 1915లో చెప్పిన గుర్తు ఇది, ఈ రోజుకీ డాక్టర్లు ఇలాగే చూస్తారు.

అసలు సంగతి నరంలో ఉంది. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే కండలకు ఎక్కువగా మీడియన్ నరం అందుతుంది. అడక్టర్‌కు మాత్రం చిటికెనవేలికి స్పర్శ ఇచ్చే అల్నార్ నరమే దిక్కు. మోచేయి గోడకు తగిలితే కరెంట్ షాక్ కొట్టినట్టు జిల్లుమంటుంది కదా, అదే నరం, అక్కడ ఎముక వెనకాల చర్మానికి ఇంత దగ్గరగా ఉంటుంది. గంటల తరబడి మోచేయి బల్లకు ఆనించి కూర్చున్నా, మడిచి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నా నలిగేది అదే.

ఈ కండ ఎంత పని చేస్తుందో చూడాలంటే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల చేతిని గమనించండి. పుల్లకు చుట్టిన గుడ్డ రంగును పీల్చుకుని ఉంటుంది, ఆ గుడ్డను వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు మొనకు దిగుతుంది. కొంచెం ఎక్కువ నొక్కితే బెల్లం, ఇనుము ఊరబెట్టి చేసిన ఆ నల్లరంగు కరక్కాయ పట్టించిన బట్ట మీద మచ్చై కూర్చుంటుంది, ఇక పోదు. అంత సున్నితంగా నొక్కుతూ గంటల కొద్దీ గీత గీయడంలో ఈ కండకూ వాటా ఉంది. అలాంటి పని చేసేవాళ్లు మధ్యమధ్యలో కలం కింద పెట్టి, వేళ్లన్నీ చాపి, మోచేయి నిటారుగా చేసుకోవాలి.

కాగితం పరీక్షలో వేలు వంగింది, చిటికెనవేలూ ఉంగరపువేలిలో సగమూ తిమ్మిరిగా ఉన్నాయి అంటే మోచేయి దగ్గర నరం నలుగుతోందని గట్టిగా అనుమానించొచ్చు. రాత్రి మోచేయి మడవకుండా ఉండేందుకు వదులుగా టవల్ చుట్టుకుని పడుకోండి, బల్ల మీద ఆనించడం మానేయండి. తిమ్మిరి లేకుండా పట్టు మాత్రమే పోతే నరం అరచేతి మొదట్లో, కండలకు వెళ్లే కొమ్మ దగ్గర నలిగి ఉండొచ్చు, బైక్ హ్యాండిల్ మీద అరచేతి బరువంతా వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లు తిమ్మిరెక్కితే అది మీడియన్ నరం గొడవ. బొటనవేలి మొదట్లో కీలు దగ్గరే నొప్పి అయితే కీలు అరుగుదల కావచ్చు.

దయచేసి, బలం తగ్గిందని మెత్తటి బంతి కొనుక్కొచ్చి రోజంతా పిసకొద్దు. నరం నలిగి ఉంటే ఎంత పిసికినా ఆ కండకు బలం రాదు, ముందు నరం మీద ఒత్తిడి తీసేయాలి.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేతి వెనక గుంట పడుతుంటే అస్సలు ఆలస్యం చేయకండి, కండ కరుగుతోందని అర్థం. తిరుపతిలో రుయా, స్విమ్స్ లాంటి చోట్ల, చిత్తూరు వాళ్లకు దగ్గర కాబట్టి వేలూరులో న్యూరాలజీ వాళ్లకు చూపించుకోవచ్చు. నర్వ్ కండక్షన్ టెస్ట్ చేస్తే నరం ఎక్కడ నలుగుతోందో చాలావరకు తెలుస్తుంది. చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే తప్పకుండా చెప్పండి, కుష్టు వ్యాధి ఎక్కువగా దెబ్బతీసే నరాల్లో ఇదొకటి, దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. షుగర్ ఉన్నా దాచొద్దు. చెయ్యి ఉన్నట్టుండి ఒక్కసారిగా పడిపోయి, మాట తడబడినా మూతి వంకరపోయినా మాత్రం ఈ పరీక్షలేవీ పెట్టుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.