మీ అలవాటును మీ కొలతకు తగ్గట్టు మార్చుకోవడం ఎలా?

పొగ తాగితే ఊపిరితిత్తులు పాడవుతాయని తెలియనివాళ్లు ఎవరున్నారు చెప్పండి? రోజూ కాసేపు నడవాలి, వేళకు పడుకోవాలి, బీపీ మాత్ర మానకుండా వేసుకోవాలి, ఇవన్నీ అందరికీ తెలిసినవే. అయినా చేయం. చేయనప్పుడల్లా "నాకు పట్టుదల లేదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. కానీ పట్టుదల పెంచుకున్నా పెద్దగా ఒరిగేది లేదని పరిశోధకులు ఎప్పుడో లెక్కలేసి చూశారు. 2006లో థామస్ వెబ్, పాస్కల్ షీరన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 47 ప్రయోగాలను కలిపి చూస్తే, "చేసి తీరాలి" అన్న ఉద్దేశం బాగా పెరిగినా చేతల్లో మార్పు మాత్రం ఓ మోస్తరు కూడా దాటలేదు.

మరి ఎక్కడ తేడా కొడుతోంది? ఒక్కొక్కరికి ఒక్కోచోట. ఒకరికి టైమ్ దొరకదు, ఒకరికి ఎలా చేయాలో తెలియదు, ఇంకొకరికి అసలు లోలోపల ఇష్టమే లేదు. ముగ్గురికీ ఒకే సలహా ఇస్తే, ముగ్గురికీ ఒకే సైజు చొక్కా కొనిచ్చినట్టే. అందుకే ఆరోగ్య అలవాట్ల మీద పనిచేసేవాళ్లు మనిషి కొలతలు తీసుకుని సలహాను కుట్టే పద్ధతిని చాలా ఏళ్లుగా పరీక్షిస్తున్నారు. 2007లో సేత్ నోర్ బృందం అచ్చులో పంపిన ఇలాంటి సలహాల మీద 57 అధ్యయనాలను కలిపి చూసింది. మనిషికి తగ్గట్టు రాసినవే మెరుగ్గా పనిచేశాయి, కాకపోతే తేడా చిన్నదే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత "ఇంతేనా" అనుకోకుండా. ఒక్క మాట, యాప్ మీ పేరు పెట్టి "గుడ్ మార్నింగ్" అన్నంత మాత్రాన అది మీ కోసం తయారైనట్టు కాదు.

ఈ పని మీకు మీరే ఇంట్లో చేసుకోవచ్చు. ఒక నోట్‌బుక్కు, ఓ ఐదారు వారాల ఓపిక చాలు.

ముందు: ఒకే ఒక్క పని ఎంచుకోండి

"ఆరోగ్యంగా ఉండాలి", "టెన్షన్ తగ్గించుకోవాలి" లాంటివి పనులు కావు, కోరికలు. పక్కనున్న మనిషి చూసి "చేశాడు" లేదా "చేయలేదు" అని చెప్పగలిగేదే పని. "రాత్రి 11 లోపల లైటు ఆర్పేయడం" పని. "సాయంత్రం 20 నిమిషాలు నడవడం" పని. ఒకేసారి నాలుగు పెట్టుకోకండి, నేను పెట్టుకుని చూశాను, మూడో రోజుకి నాలుగూ పోయాయి.

తర్వాత వారం రోజులు ఏమీ మార్చకండి, రాసుకోండి అంతే

ఇది చదివి చాలామంది దాటేస్తారు, నాకు తెలుసు. కానీ మొత్తం పనిలో అసలైన ముక్క ఇదే, కాబట్టి కాస్త ఆగుదాం.

పని జరిగిన ప్రతిసారీ, జరగాల్సి ఉండి జరగని ప్రతిసారీ ఒక లైను రాయండి. టైమ్ ఎంత, ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, అప్పుడు మూడ్ ఎలా ఉంది, అంతకు ముందు ఏం జరిగింది. ఇంతకు మించి అక్కర్లేదు. రాత్రి కూర్చుని గుర్తుచేసుకుని రాస్తే మాత్రం లాభం లేదు, మన జ్ఞాపకం మనకి అనుకూలమైనవే గుర్తుంచుకుంటుంది, అప్పటికప్పుడే రాయాలి. ఇంకో సంగతి, రాయడం మొదలుపెట్టగానే ఆ పని కొంచెం దానంతట అదే మారిపోతుంది, సిగరెట్లు లెక్కపెట్టుకునేవాళ్లు ఒకటి రెండు తక్కువ తాగినట్టు. అది మంచిదే, దానికి కంగారు పడకండి. 2009లో సూసన్ మిచీ బృందం వ్యాయామం, తిండి అలవాట్లు మార్చే కార్యక్రమాలను వడపోసి చూసినప్పుడు, తమను తాము గమనించుకుని రాసుకోవడం ఉన్నవే ఎక్కువగా ఫలించినట్టు తేలింది.

నా సంగతి చెప్తాను. పొద్దున్నే నడవాలని ఏడాదిగా తంటాలు పడ్డాను. బూట్లు కొన్నాను, అలారాలు పెట్టాను, ఫ్రెండ్‌తో పందెం కూడా కాశాను. చివరికి వారం పాటు రాసుకుంటే తెలిసిందేంటంటే, నడక ఎగ్గొట్టిన ప్రతి పొద్దునకీ ముందు రాత్రి నేను 12 దాటాకే పడుకున్నాను. అంటే నా గొడవ నడకతో కాదు, రాత్రి మంచంలో ఫోన్‌తో. ఏడాది పాటు తప్పు తలుపు కొట్టాను.

ఈ వారంలోనే ఇంకో చిన్న కొలత కూడా తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో 1998 నుంచి వాడుకలో ఉన్న ఐదు ప్రశ్నల జాబితా ఒకటి ఉంది. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుగ్గా ఉన్నానా, నిద్ర లేచేసరికి తాజాగా అనిపించిందా, రోజు నాకు నచ్చే విషయాలతో నిండి ఉందా, ఇవే ఆ ఐదు. ఒక్కోదానికి 0 నుంచి 5 వరకు మార్కులు వేసుకుని, కూడి, 4తో గుణిస్తే 100కి ఎంతో వస్తుంది. 50 లేదా అంతకన్నా తక్కువ వస్తే అలవాటు సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. అది జబ్బు ఉందని తేల్చడం కాదు, ఒకసారి చూపించుకుంటే మంచిదని చెప్పే గుర్తు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే మార్కులూ లెక్కలూ ఏమీ అక్కర్లేదు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

ముడి ఎక్కడుందో చూడండి

2011లో మిచీ, మార్ట్యే వాన్ స్ట్రాలెన్, రాబర్ట్ వెస్ట్ కలిసి ఒక సులువైన చట్రం ఇచ్చారు. ఏ పనైనా జరగాలంటే మూడు ఉండాలి: చేతనవ్వాలి, అవకాశం ఉండాలి, మనసు ఉండాలి. మీ నోట్‌బుక్కు ముందు పెట్టుకుని ఎగ్గొట్టిన ఒక్కో రోజునీ ఈ మూడింట్లో ఏదో ఒక బుట్టలో వేయండి.

చేతకాకపోవడం అంటే ఒళ్లు సహకరించకపోవడమే అనుకోవద్దు. మర్చిపోవడం, ఎలా మొదలుపెట్టాలో తెలియకపోవడం కూడా అందులోకే వస్తాయి. మాత్ర వేసుకోవడం మర్చిపోయే మనిషికి గుండెపోటు గురించి భయపెట్టే వీడియో చూపించి ఏం లాభం? ఆయనకి కావాల్సింది భయం కాదు, టూత్‌బ్రష్ పక్కన మాత్రల డబ్బా. అవకాశం అంటే టైమ్, చోటు, డబ్బు, చుట్టూ ఉన్న మనుషులు. ఇంట్లో అందరూ రాత్రి 12 దాకా టీవీ చూస్తుంటే మీరొక్కరే 10కి పడుకోవడం మీ సంకల్పానికి సంబంధించిన విషయం కాదు, అది ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవాల్సిన విషయం. మిగిలింది మనసు. నా అనుభవంలో అందరూ మొదట దీన్నే అనుమానిస్తారు, తీరా రాసుకుని చూస్తే మిగతా రెండు బుట్టలే బరువుగా ఉంటాయి.

నిజంగా మనసు లేకపోతే

అప్పుడు ప్లాన్ వేయకండి. జేమ్స్ ప్రొచాస్కా, కార్లో డిక్లెమెంటె 1983లో సొంతంగా సిగరెట్ మానుతున్న 872 మంది మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. మార్పు ఆలోచనే లేని దశ, ఊగిసలాట, సిద్ధపడటం, చేయడం, నిలబెట్టుకోవడం అనే మెట్ల లెక్క అలాంటి పనుల్లోంచే తయారైంది. ఈ మెట్ల మధ్య గీతలు ఇష్టమొచ్చినట్టు గీశారని, మనుషులు అలా వరసగా ఎక్కరని విమర్శలు గట్టిగానే ఉన్నాయి, నాకూ అవి సబబుగానే అనిపిస్తాయి. అయినా ఒకందుకు పనికొస్తుంది: ఊగిసలాటలో ఉన్న మనిషిని తోస్తే ఎదురు తిరుగుతాడు, అది మీరే అయినా సరే.

బదులుగా మిమ్మల్ని మీరే ఇలా అడగండి. "ఈ పని నాకెంత ముఖ్యం, 0 నుంచి 10లో?" 3 అని వచ్చిందనుకోండి. "10 ఎందుకు కాదు" అని అడిగితే సాకులన్నీ వరస కడతాయి. "0 ఎందుకు కాదు, 3 ఎందుకు?" అని అడగండి. అప్పుడు వచ్చేవి మీ సొంత కారణాలు. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ పేర్లతో ముడిపడిన కౌన్సెలింగ్ పద్ధతిలో వాడే ప్రశ్న ఇది. వచ్చిన కారణాన్ని మీ మాటల్లోనే రాసిపెట్టుకోండి, "మనవరాలితో మెట్లెక్కాలి" అన్నా చాలు. ఒక్క కారణమూ రాకపోతే ఆ పనిని పక్కన పెట్టి ఇంకోటి ఎంచుకోండి, ఫర్వాలేదు.

"ఇలా అయితే అలా చేస్తాను" అని రాయండి

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతి ఇది. 2006లో ఆయనా షీరనూ కలిసి 94 పరీక్షలను కూర్చి చూస్తే ఫలితం ఓ మోస్తరు నుంచి పెద్దదిగానే వచ్చింది, ఈ రంగంలో అది చిన్న విషయం కాదు. సందర్భాన్నీ పనినీ ఒకే వాక్యంలో ముడేయడమే మొత్తం కిటుకు. "రోజూ నడుస్తాను" అని రాయకండి. "ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టగానే, కూర్చోకుండా బూట్లు తొడుక్కుంటాను" అని రాయండి.

సందర్భం మీ నోట్‌బుక్కులోంచే రావాలి. ఊహించి రాస్తే అది మళ్లీ రెడీమేడ్ చొక్కానే. నేను రాసుకున్నది ఇదీ: "రాత్రి పళ్లు తోముకోగానే ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి తలుపు వేస్తాను." ఛార్జర్ అక్కడే పడి ఉండేలా ఆ పొద్దునే సర్దాను. దానికో జోడీ వాక్యం కూడా, అడ్డంకి కోసం: "అలారం కోసం ఫోన్ కావాలనిపిస్తే, మామూలు అలారం గడియారం వాడతాను." రెండు వాక్యాలు చాలు. పది రాస్తే ఒక్కటీ గుర్తుండదు.

సైజు విషయంలో సిగ్గుపడకండి. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది, కానీ అందులోనే అసలు చేయకపోవడం కన్నా కొంచెం చేసినా మేలే అని కూడా ఉంది. నావల్ల అవుతుందన్న నమ్మకం అన్నింటికన్నా గట్టిగా కుదిరేది ఒకసారి చేసి చూపించుకున్నప్పుడే అని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో రాశాడు. అందుకే మొదటి వారం ఓడిపోవడానికి వీల్లేనంత చిన్నది పెట్టుకోండి. పది నిమిషాలు నడవండి. ఐదైనా సరే.

మూడ్ బాగున్నప్పుడు మొదలుపెడదాం అని మాత్రం ఆగకండి. దిగులుగా ఉన్నవాళ్లకి ఇచ్చే చికిత్సల్లో ఒకటి సరిగ్గా దీన్నే తిరగేస్తుంది: ముందు పని, మూడ్ దాని వెనకే మెల్లగా వస్తుంది.

పనిచేస్తోందా లేదా తేల్చుకోండి

రెండు వారాలు మీ పద్ధతి వాడండి, వారం ఆపండి, మళ్లీ రెండు వారాలు వాడండి. నోట్‌బుక్కులో లెక్క పోల్చండి, ఐదు ప్రశ్నల మార్కులు కూడా మళ్లీ వేసుకోండి. పరిశోధకులు ఒకే మనిషి మీద చేసే ప్రయోగాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఆపిన వారంలో కూడా అంతే బాగా జరిగిందంటే ఫలితం మీ పద్ధతిది కాకపోవచ్చు, లేదా అలవాటు అప్పుడే కుదిరి ఉండొచ్చు, ఈ రెండిట్లో ఏదో చెప్పడం నిజంగా కష్టం. డాక్టర్ రాసిన మందులతో మాత్రం ఈ ఆపి చూసే ఆట ఆడకండి. రోజూ బాగా మద్యం తాగే అలవాటున్నవాళ్లు కూడా ఒక్కసారిగా మానేసి ప్రయోగం చేయకూడదు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, వైద్యుడి సాయంతోనే మానాలి.

ఒక రోజు తప్పితే

21 రోజుల్లో అలవాటు అయిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం మధ్య సంఖ్య 66 రోజులు, కొందరికి 18, ఒకరికి 254. 84 రోజుల అధ్యయనంలో 254 ఎక్కడిదంటే, గ్రాఫ్‌ను ముందుకు పొడిగించి అంచనా కట్టారు, పైగా ఆ గ్రాఫ్ చక్కగా కుదిరింది 39 మందికే. కాబట్టి 66ని కూడా గోడ మీద రాసుకోనక్కర్లేదు. నాకు అందులో నచ్చింది ఇంకో సంగతి: ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

దెబ్బ కొట్టేది తప్పిన రోజు కాదు, ఆ తర్వాత వచ్చే "ఎలాగూ పోయిందిగా" అన్న మాట. ఒక్క సిగరెట్ కాల్చాక ప్యాకెట్టు ఖాళీ చేయించేది అదే, వ్యసనాల మీద పనిచేసిన అలన్ మార్లాట్ దీని గురించి చాలా రాశాడు. దీనికీ ఒక వాక్యం ముందే రాసి పెట్టుకోండి: "ఒక రోజు తప్పితే, మర్నాడు సగం సైజులో చేస్తాను." వరసగా వారం తప్పితే మళ్లీ మూడు బుట్టల దగ్గరికే వెళ్లండి, ఈ మధ్య ఏదో మారి ఉంటుంది, డ్యూటీ టైమో, ఇంట్లో ఎవరి ఒంట్లోనైనా బాగోకపోవడమో. నాకు మొన్న అలాగే ఎనిమిది రోజులు పోయాయి. చూస్తే హాల్లో ఛార్జర్ పాడైంది, ఫోన్ మళ్లీ మంచం పక్కకి వచ్చేసింది. కొత్త ఛార్జర్ కొన్నాను.