కిన్సెయాన్యేరాకి పిలిచారా? వెళ్ళేముందు ఇది చదవండి

టెక్సాస్ లాంటి చోట ఉంటే ఏదో ఒకరోజు పక్కింటి మెక్సికన్ వాళ్ళు తళతళలాడే కార్డు తెచ్చి చేతిలో పెడతారు, వాళ్ళమ్మాయికి 15 ఏళ్ళు నిండుతున్నాయని. ఆ వేడుకే కిన్సెయాన్యేరా, స్పానిష్‌లో కిన్సే అంటే 15. మనవాళ్ళు వెంటనే "ఓహో, వీళ్ళ ఓణీల ఫంక్షనా" అనేస్తారు. కాస్త అలాంటిదే, కానీ ఇక్కడ లెక్క పుట్టినరోజుది, పెద్దమనిషి అవడంతో పనిలేదు. ఆ పిల్ల ముందు మాత్రం ఆ పోలిక తేకండి.

కార్డులో సాధారణంగా రెండు టైములుంటాయి, ఒకటి చర్చికి, రెండోది హాలుకి. మనవాళ్ళు చాలామంది భోజనాల వేళకి నేరుగా హాలుకే వెళ్తారు. చర్చికీ వెళ్ళండి, ఇంట్లోవాళ్ళకి అదే ముఖ్యం. అందరూ లేచి ప్రసాదంలా ఇచ్చే అప్పం తీసుకోవడానికి వరసకడితే మీరు కూర్చునే ఉండండి, అది క్యాథలిక్కులకే, ఎవరూ ఏమీ అనుకోరు.

పిల్ల గౌను ఏ రంగో ముందే కనుక్కుని ఆ రంగు చీర కట్టుకెళ్ళకండి, ఆరోజు ఆ రంగు ఆ పిల్లదే.

బాగా దగ్గరివాళ్ళయితే "మాద్రినాగా ఉంటారా" అని అడగొచ్చు. మగవాళ్ళయితే పాద్రీనో. గౌరవమే, కాకపోతే వెనక ఖర్చుంది: కేకు, కిరీటం, చెప్పులు, పాటలవాళ్ళు, ఇలా ఒక్కొక్కటి ఒక్కొక్కరు భరిస్తారు. మన చదివింపులే, ముందే పంచుకుంటారంతే. కాబట్టి తల ఊపేముందు మీ వంతుకి ఏది వస్తుందో మొహమాటం లేకుండా అడిగేయండి. లేదంటే కవర్లో డబ్బు పెట్టి ఇచ్చినా చాలు.

హాల్లో అసలు ఘట్టం చెప్పులు మార్చడం. నేను వెళ్ళినచోట పిల్లని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు, తండ్రి మోకాళ్ళమీద కూర్చుని మామూలు చెప్పులు విప్పి హీల్స్ తొడిగాడు, ఆ చిన్న బకిల్ ఎంతకీ పట్టదే, అంత లావు గౌను కుచ్చిళ్ళ కింద వెతుక్కుంటున్నాడు పాపం, పిల్లేమో నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది. తర్వాత ఇద్దరూ కలిసి వాల్ట్జ్ డాన్స్ చేశారు. ఆ టైములో వీడియో కోసమని ఫోను పట్టుకుని మధ్యలోకి వెళ్ళకండి. ఆఖరి బొమ్మ అని ఇంకొకటుంటుంది, ఇక ఆటబొమ్మల వయసు దాటిందని చాలాసార్లు దాన్ని చెల్లెలికి ఇచ్చేస్తుంది.

శాకాహారులు జాగ్రత్త. మెత్తగా మెదిపిన బీన్స్‌లో పందికొవ్వు వేయడం మామూలే, ఎర్రన్నం కోడి పులుసుతో వండి ఉండొచ్చు. చూడ్డానికి రెండూ మన పప్పూ అన్నంలా అమాయకంగా ఉంటాయి. అడిగి వడ్డించుకోండి, పిల్లలకి ఇంట్లోనే పెరుగన్నం పెట్టి తీసుకెళ్ళడం ఇంకా మేలు. పాలలో నానబెట్టిన త్రేస్ లేచేస్ కేకు ఉంటే మాత్రం, గుడ్డు తినేవాళ్ళయితే వదలకండి.